కొంచెం వాళ్ళకీ ఉండనివ్వండి

జూన్ ఏడో తారీఖు, శనివారం. ఆ సాయంత్రం మేం తిన్నది నిన్నటి రొట్టె, ఉడకబెట్టిన రెండు గుడ్లు, ఉప్పు అద్దుకున్న ఉల్లిపాయ ముక్కలు. బేకరీ వాళ్ళింట్లో ఎప్పుడూ నిన్నటి రొట్టే తింటారు. ఇవాళ్టిది అమ్మకానికి. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ అడిగింది, "మనం ఒక్కరోజైనా ఇవాళ్టి రొట్టె తినమా?" అని. "కొనేవాళ్ళు కరువైన రోజున తిందాంలే" అన్నాను. అప్పట్లో నాకది హాస్యం.

ఆ సాయంత్రం గుడ్డు పెంకు ఒలుస్తూ మా ఆవిడే చెప్పింది. "మిల్లు ఆగిపోయిందటండీ. ఇందాక మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళంతా సమ్మె అని బయటికొచ్చేశారట."

"ఎన్నాళ్ళో."

"ఎన్నాళ్ళైనా, రేపట్నుంచి రెండు ట్రేలు ఎక్కువ వేద్దాం."

"కొనేవాళ్ళే ఉండరంటుంటే ఎక్కువెందుకు?"

"ఉండరు కాబట్టే."

అంతే. గుడ్డుకి ఉప్పు సరిపోయిందా అని అడిగి లేచింది. ఆవిడ పెద్ద నిర్ణయాలన్నీ అలాగే ఉండేవి. కంచం కడిగేలోపు అయిపోయేవి.

మా వీధి మిల్లు గోడ వెంబడే ఉండేది. పొద్దున ఆరింటి షిఫ్టుకి పోయేవాళ్ళు బన్ను కొనుక్కునేవారు, సాయంత్రం తిరిగొచ్చేవాళ్ళు రొట్టె. నేను చదివింది బి.ఏ., చరిత్ర. నాన్న పోయాక బట్టీ ముందు నిలబడ్డాను. దుకాణానికి నాన్న పెట్టిన పేరొకటి ఉండేది గాని, అందరూ "బి.ఏ. బేకరీ" అనే పిలిచేవారు. బన్ను మాడితే, "సార్ ఇవాళ ఏదో యుద్ధం గురించి ఆలోచిస్తున్నట్టున్నారు" అనేవారు. నిజమే అయ్యుండేది చాలాసార్లు.

రెండో ఆదివారం పాస్టరుగారు ఇవ్వడం గురించి చెప్పారు. ఇచ్చేవాడి చెయ్యి ఖాళీ అవదని, దేవుడు వెనక నుంచి నింపుతూనే ఉంటాడని. ఇంటికొచ్చేదాకా నా మనసంతా అదే. మర్నాడు దుకాణం బయట బెంచీ వేయించి, రొట్టెలు పేర్చి, పైన ఒక బోర్డు పెట్టాను. తెల్లరంగు మీద నీలం అక్షరాలు. కాలేజీలో పోస్టర్లు రాసిన చెయ్యి కదా, కుంచె పట్టుకుని ఒక పూటంతా కూర్చుని రాశాను. "అవసరమున్నవారు ఉచితంగా తీసుకొనగలరు."

మొదటిరోజు ఎవరూ తీసుకోలేదు. రెండోరోజు ఎదురింటి రిటైర్డ్ పోస్టుమాస్టరుగారు వచ్చి రెండు తీసుకున్నారు. పెన్షనూ, సొంతిల్లూ ఉన్న మనిషి. "ఉచితం అన్నారుగా" అని సంచీలో వేసుకుని, ఒకటి కొంచెం మాడిందని కూడా చెప్పి వెళ్ళారు. మిల్లు వాళ్ళు మాత్రం మా దుకాణం దగ్గరికొచ్చేసరికి రోడ్డు దాటి అటు పక్కనుంచి నడవడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి రొట్టెలు ఎండి అట్టల్లా అయ్యాయి.

"బోర్డు తీసెయ్యండి" అంది మా ఆవిడ.

"ఏం, తప్పులేమైనా పడ్డాయా?"

"అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అందుకే దూరం నుంచే చదువుకుని, దూరం నుంచే పోతున్నారు."

అక్కడితో ఆగక ఇంకోమాట అంది. "ఆ బెంచీ దగ్గర చెయ్యి చాపడమంటే, నాకు లేదు అని ఆ బోర్డు కింద సంతకం పెట్టడమేనండీ. మీరైతే పెడతారా?"

బోర్డు తీసేశాను. ఆవిడ దాన్ని అడ్డంగా కోయించి పిండి తొట్టికి మూత చేసుకుంది. అయితే ఈలోపే పాస్టరుగారు ఆదివారం ప్రార్థనలో నా బెంచీ గురించి చెప్పి దేవుడికి స్తోత్రం చెల్లించారు. అందరి తలలూ నా వైపు తిరిగాయి. నాకు బాగుంది. దాచడమెందుకు, చాలా బాగుంది. మా వెనక వరసలో ఫిట్టర్ మాత్రం తల ఎత్తలేదు.

ఫిట్టరంటే మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు. మా వెనక సందులోనే ఇల్లు. భార్య, బడికెళ్ళే ఇద్దరు ఆడపిల్లలు, ఒక చంటిది. అతని భార్యా, మా ఆవిడా చర్చి సంఘంలో పక్కపక్కన నిలబడి పాడేవారు. మా ఆవిడని అతను "అక్కా" అనేవాడు. నన్ను మాత్రం "సార్". ఎందుకో అంతకంటే దగ్గరికి రాలేదు. నేనూ రానివ్వలేదేమో.

నాలుగో వారంలో నేను ఇంకో తెలివైన పని చేశాను. జనం రాకపోతే మనమే వెళ్ళాలి కదా అనుకుని, పొద్దున తొమ్మిదింటికి, సందులో ఆడవాళ్ళందరూ కుళాయి దగ్గర ఉన్న వేళ, బుట్టనిండా రొట్టెలు మోసుకుంటూ ఫిట్టర్ ఇంటికి వెళ్ళాను. అతను కుర్చీ తుడిచి వేశాడు. తను నిలబడ్డాడు.

"ఎవరికి సార్ ఇవి?"

"మీకే. పిల్లలున్నారని."

"మేం అడిగామా సార్?"

గొంతులో కోపం లేదు. ఉంటే తేలికగా ఉండేది.

"అడగలేదు. అడిగేదాకా ఆగడం ఎందుకని..."

"లేనివాళ్ళకివ్వండి. మాకు ఉంది."

తలుపు పక్కన పెద్దపిల్ల పుస్తకం పట్టుకుని కూర్చుంది. బుట్ట వంక చూసింది, నాన్న వంక చూసింది. "మాకు ఆకలి లేదండీ" అంది. ఎవరూ అడక్కుండానే.

బుట్టతో వెనక్కి నడిచాను. కుళాయి దగ్గర మాటలు ఆగాయి. ఆ సందు అంత పొడుగని నాకు అంతకుముందు తెలియదు.

గురువారం పాటల ప్రాక్టీసు నుంచి మా ఆవిడ ఎర్రబడ్డ కళ్ళతో వచ్చింది. ఫిట్టర్ భార్య చర్చి మెట్ల మీద కూర్చుని అంతా చెప్పేసిందట. చంటిదానికి పాలు చాలట్లేదు. సోమవారం పొద్దున వెనక గేటులోంచి లోపలికి పోయి పనిలో చేరిపోతానన్నాడట అతను. అలా లోపలికి పోయినవాళ్ళు అప్పటికే ముగ్గురు. వాళ్ళతో వీధిలో ఎవరూ మాట్లాడటం లేదు. పిల్లల్ని కూడా ఆటల్లోకి రానివ్వడం లేదు. పైగా సమ్మె కాగితం మీద మొదటి సంతకం ఇతనిదే.

"పోతే బతకలేడండీ అతను" అంది. "తిండి ఉంటుంది. అతనుండడు."

"మరి రొట్టె తీసుకోడుగా."

"తీసుకోడు."

"చీకటితో వెళ్ళి గుమ్మంలో పెట్టొద్దామా?"

"ఎవరు పెట్టారో తెలియకుండానా? ఊరికి ఉన్నదే ఒక్క బేకరీ."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వాక ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. ఆ రోజు ప్రార్థనలో ఆవిడ అతని మాట ఎత్తి మధ్యలో ఆగిపోయింది. నేనూ పూర్తి చెయ్యలేకపోయాను.

మర్నాడు, శుక్రవారం, పిండి కలిపే మిషను గొలుసు జారింది. అది నాన్న కాలం నాటిది. ఫిట్టర్‌ని పిలవాల్సిన పని. కానీ బుట్ట సంగతి అయ్యాక అతని గుమ్మం తొక్కే మొహం నాకు లేదు. నేనే బిగిద్దామనుకున్నాను. స్విచ్చి ఆపాను, అంతవరకు బుద్ధిగానే చేశాను. గొలుసు కింద చెయ్యి పెట్టి లాగితే, తొట్టిలో ఉన్న నలభై కిలోల పిండి బరువుకి చక్రం వెనక్కి తిరిగింది. కుడి మణికట్టు విరిగింది.

డాక్టరు కట్టు కట్టి ఆరు వారాలన్నాడు. మధ్యాహ్నానికి ఇంట్లో మంచం మీద కూర్చుని ఉన్నాను. బట్టీ చల్లారుతోంది. తొట్టిలో పిండి పులిసి పొంగి అంచుల మీంచి కారుతోంది. పిండి పిసికేందుకు మా ఇద్దరికీ కలిపి మూడు చేతులే మిగిలాయి, అందులో రెండు ఆవిడవి.

"ఎవరినైనా సాయం అడుగుదాం" అంది.

"వద్దు. మన అవస్థ మనం పడదాం. ఒకళ్ళ దగ్గర చెయ్యి చాపడం నా వల్ల కాదు."

ఆవిడ నా వంక కాసేపు చూసింది. "అచ్చం అతనిలాగే మాట్లాడుతున్నారు."

"ఎవరిలా?"

"ఇంకెవరిలా."

నేను గోడ వైపు తిరిగాను. ఆవిడ వచ్చి మంచం కోడు దగ్గర కూర్చుంది. కోప్పడలేదు. పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "ఇచ్చినప్పుడు మీకెంత బాగుంటుందో నేను చూశాను. ఆదివారం పాస్టరుగారు మీ మాట ఎత్తినప్పుడు మీ మొహం చూశాను. ఆ సంతోషం దేవుడు మనింటికి ఒక్కదానికే రాసిచ్చాడా? కొంచెం వాళ్ళకీ ఉండనివ్వండి."

గోడ వైపు నుంచి ఇటు తిరిగాను. తర్వాత చెప్పులేసుకున్నాను.

సందులో ఈసారి కూడా కుళాయి దగ్గర జనం ఉన్నారు. ఈసారి నా దగ్గర బుట్ట లేదు. మెడకి వేలాడేసిన చెయ్యి ఉంది. ఫిట్టర్ గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. ఏం మాట్లాడాలో దారిలో రెండు రకాలుగా అనుకున్నాను గాని, అతన్ని చూడగానే రెండూ పోయాయి.

"మిషను ఆగిపోయింది" అన్నాను. "నాకు చేతకాలేదు. నువ్వొచ్చి చూడాలి."

అతను నా కట్టు వంక చూశాడు. "ఏం చేశారు?"

"గొలుసు బిగిద్దామని."

"ఏ స్పానరుతో?"

"స్పానరు కాదు. పటకారు."

అతని మొహంలో నిజంగా బాధ కనిపించింది. నా చెయ్యి విరిగినందుకు కాదు. లోపలికి వెళ్ళి చొక్కా తగిలించుకుని పనిముట్ల సంచీతో వచ్చాడు. "పదండి" అన్నాడు. ఆ వారమంతా అతని ఇంట్లో అంత చురుగ్గా ఎవరూ మాట్లాడి ఉండరని నాకు అనిపించింది.

రెండు గంటలు మిషను కింద పడుకునే మాట్లాడాడు. గొలుసుకి నూనె పెట్టి ఎన్నేళ్ళయిందన్నాడు. ఈ బోల్టు ఎవడు బిగించాడన్నాడు. నేనే. ఈ తీగ ఎవడు చుట్టాడన్నాడు. అదీ నేనే. మా ఆవిడ వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"అక్కా, ఈయన్ని దీని దగ్గరికి రానివ్వద్దు" అన్నాడు బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ. తర్వాత నావైపు తిరిగాడు. "రేపు పిండి ఎవరు పిసుకుతారు బావగారూ?"

మిషను కలిపితే సరిపోదు, తర్వాత ముద్దలు చేసి చేత్తో పిసకాలి. నేను నా కట్టు చూపించాను. అతను తలాడించి వెళ్ళిపోయాడు. బావగారూ అన్నాడని అతను వెళ్ళాక గాని నాకు తట్టలేదు.

శనివారం తెల్లవారకముందు మూడింటికి తలుపు చప్పుడైంది. అతను, ఇంకో ముగ్గురు మగ్గం పనివాళ్ళు. వాళ్ళు పిండి పిసకడం చూడాలి. నలుగురూ బల్లకి అటూ ఇటూ నిలబడి, మగ్గం ఆడినట్టు ఒకే తాళంలో దబదబా బాదారు. ఉప్పు ఒకడు వేశాడు, వెయ్యలేదేమోనని ఇంకొకడు వేశాడు. మొదటి వాయి రొట్టెలు గోడకి మేకు కొట్టడానికి పనికొచ్చేలా వచ్చాయి. నేను కుర్చీలో కూర్చుని ఎడం చేత్తో చూపిస్తూ, జీవితంలో మొదటిసారి మేష్టరుగిరీ వెలగబెట్టాను. రెండో వాయి ఫరవాలేదు. మూడో వాయి బాగుంది.

కూలి ఎంతివ్వమంటావని ఫిట్టర్‌ని పక్కకి పిలిచి అడిగాను.

"కూలంటే రేపట్నుంచి రాను."

"మరి రొట్టె?"

"రొట్టె తింటాం. మేం చేసిందేగా."

మా ఆవిడ అప్పటికే ఆ పిసికే బల్ల తుడిచి, దాని మీదే అందరికీ వేడి రొట్టె, పాలు పెట్టింది. కాసేపటికి వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు వచ్చారు. ఎవరిని పిలిచిందో, ఎప్పుడు పిలిచిందో. ఫిట్టర్ పెద్దపిల్ల నాలుగు ముక్కలు తిని, అయిదోది పుస్తకం చాటున పెట్టుకుని తింది. మిగిలినవి ఎవరింటికి ఎన్ని కావాలో వాళ్ళే తీసుకెళ్ళారు. నేను అటు చూడలేదు. మా ఆవిడ ఒక ముక్క నా నోటికి అందించి, "ఇవాళ్టిది" అంది. కొనేవాళ్ళు నిజంగానే కరువైన రోజులవి. అంత మెత్తటి రొట్టె నేను అప్పటిదాకా తినలేదు. పదిహేనేళ్ళుగా చేస్తున్నవాణ్ణి నేనే.

ఆదివారం సంఘంలో ప్రభువు బల్ల, యేసు పేరున రొట్టె విరిచి అందరూ పంచుకునే రోజు. ఆ రొట్టె ఎప్పుడూ మా బట్టీ నుంచే వెళ్ళేది. ఆ వారం దాన్ని పిసికింది ఫిట్టర్. పాస్టరుగారు ప్రార్థన చేసి విరవబోతే విరగలేదు. రెండోసారి గట్టిగా లాగారు. మోచేతులు ఎత్తి మూడోసారి లాగితే విరిగింది. ముందు వరసల్లో భుజాలు కదిలాయి. నేను వెనక్కి తిరిగి చూడకూడదనుకుంటూనే చూశాను. ఫిట్టర్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ తల ఎత్తే ఉంది. పళ్ళెం తనదాకా వచ్చినప్పుడు అందరూ ఎలా తీసుకున్నారో అలాగే చెయ్యి చాపి ఒక ముక్క తీసుకున్నాడు.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర మమ్మల్ని ఆపాడు. భార్య కొంచెం వెనకగా, చంటిదాన్ని ఎత్తుకుని నిలబడింది.

"రేపు సోమవారం కదా" అన్నాడు. "మూడింటికి రానా అక్కా, మూడున్నరకా?"

మిల్లు వెనక గేటు తెరిచేది ఆరింటికి. ఆ వేళకి బట్టీ దగ్గర ఉన్నవాడు అక్కడ ఉండలేడు.

"మూడింటికే వచ్చెయ్" అంది మా ఆవిడ. అని, ఎక్కడికీ పోని పాటల పుస్తకం కోసం సంచీలో చాలాసేపు వెతికింది.

ఆ తర్వాత ఆరు వారాలు మా ఇల్లు మా ఇల్లులా లేదు. బల్ల చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు. పిండి అయిపోవచ్చిందంటే, మిల్లు వాళ్ళ బంధువెవరో పల్లె నుంచి ఒక బస్తా పంపేవాడు. కట్టెలు నిండుకున్నాయంటే, పోస్టుమాస్టరుగారు తన పెరట్లో ఎండిన చెట్టు కొట్టించి పంపారు. ఆయన సంచీతోనే వచ్చారు లెండి, వెళ్ళేటప్పుడు రెండు రొట్టెలు వేసుకునే వెళ్ళారు. ఇదంతా ఎలా సాగిందో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. ఖాళీ అవుతుందనుకున్న ప్రతిసారీ ఎవరో తలుపు తోసుకుని వచ్చేవారు. పాస్టరుగారు మళ్ళీ నా గురించి చెప్పబోతే, "వద్దండీ, ఎవరి పేరని చెప్తారు" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

మా ఆవిడ పోయి నాలుగేళ్ళు. ఆవిడ పోయిన ఆ నెలలోనే ఫిట్టర్ రెండో కూతురు మూత పెట్టిన గిన్నెతో గుమ్మంలో నిలబడింది. "ఎందుకమ్మా నీకు శ్రమ" అని నోటిదాకా వచ్చింది. మింగేసి, గిన్నె అందుకున్నాను. ఇప్పటికీ మంగళవారాలు తెస్తుంది. గిన్నె నా చేతికిచ్చి నాలుగడుగులు వేశాక ఆ పిల్ల నడక తేలికపడటం నేను గుమ్మంలోంచి చూస్తుంటాను. ఇలా చూడటం నాకు నేర్పిన మనిషి పక్కన లేకపోవడం ఒక్కటే లోటు.

ఇక ఆ యేడు సమ్మె, ఆగస్టు మూడో వారంలో తీరింది. యూనియన్ మనిషి సైకిలు మీద ఇంటింటికీ వచ్చి చెప్పాడు, రేపు ఆరింటికి అందరూ ముందు గేటు దగ్గరికి రావాలని. నా కట్టు విప్పి అప్పటికి మూడు రోజులు. ఆ సాయంత్రం బేకరీలో బల్ల చుట్టూ పెద్ద గోల. ఏడున్నరకల్లా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆఖరికి ఫిట్టర్ ఒక్కడే మిగిలాడు, మిషను గొలుసుకి నూనె పెడుతూ. మా ఆవిడ బల్ల తుడుస్తూ తుడుస్తూ, కుర్చీలో కూర్చుని, చేతుల మీద తల ఆనించి నిద్రపోయింది. మోచేతుల నిండా పిండి.

నేను బట్టీ పక్కన విడిగా ఉంచిన రొట్టె ఒకటి తెచ్చి అతనికిచ్చాను.

"ఇది పొద్దున నేను పిసికింది" అన్నాను గొంతు తగ్గించి. "దీంట్లో నువ్వెక్కడా చెయ్యి పెట్టలేదు."

అతను ఆ మాట విన్నాడు. రొట్టె వంకా, నా వంకా చూశాడు. బొటనవేలితో పైన నొక్కాడు.

"కొంచెం గట్టిపడింది బావగారూ" అన్నాడు. సంచీ తెరిచి, స్పానర్లు ఒక పక్కకి జరిపి, అందులో పెట్టుకున్నాడు.

మా ఆవిడని లేపుదామని చెయ్యి ఎత్తాను. వద్దన్నట్టు తల ఊపాడు. చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటాడు. ఆ తలుపు కీచుమంటుందని అతనికి తెలుసు. చెప్పులు కింద పెట్టి, సంచీ భుజాన వేసుకుని, తలుపుని రెండు చేతులతో కొంచెం పైకెత్తి పట్టుకుని, మెల్లిగా లాగి, చప్పుడు కాకుండా వేశాడు.